మా వానగన్‌లో డీజిల్ ఇంజను, మాన్యువల్ గేర్‌బాక్సు: నా అనుభవం

మేము మిషిగన్ రాష్ట్రంలో ఉంటాం. మా కుటుంబం తిరిగే బండి 1990 నాటి ఫోక్స్‌వ్యాగన్ వానగన్. ఏడుగురు కూర్చునే ఈ వ్యానుకు ఇంజను వెనుక సామాను పలక కింద, రేడియేటరు ముందు భాగంలో ఉంటాయి. కంపెనీ దీనికి 2.1 లీటర్ల పెట్రోలు ఇంజను, మూడు గేర్ల ఆటోమేటిక్ ఇచ్చింది. ఈ రకం ఇంజనుకు సిలిండర్ హెడ్ల దగ్గర నీళ్ళు కారడం పుట్టుకతో వచ్చిన జబ్బు. మా బండికి హెడ్లు రెండూ తుప్పు పట్టాయి, పైగా ఆటోమేటిక్ వేడెక్కినప్పుడు గేరు పట్టుకోకుండా జారడం మొదలుపెట్టింది. రెండింటినీ బాగుచేయించినా మళ్ళీ అదే ఇంజను, అదే బలహీనత మిగులుతాయి కనుక, రెండింటినీ తీసివేసి డీజిల్ ఇంజను, మాన్యువల్ గేర్లు పెట్టాలని నిర్ణయించుకున్నాను.

ఇది వినడానికి సాహసంలా ఉన్నా, కంపెనీయే ఒకప్పుడు చేసిన పని. 1982లో అమెరికాలో 1.6 లీటర్ల డీజిల్ ఇంజనుతో, నాలుగు గేర్ల మాన్యువల్‌తో వానగన్‌ను అమ్మారు. 48 హార్స్‌పవరుతో అంత బరువైన వ్యాను ఎత్తు ఎక్కడానికి ఎంత అవస్థ పడేదో దాన్ని నడిపినవారు ఇప్పటికీ చెబుతుంటారు. ఆ బండి జనాన్ని మెప్పించకపోయినా, దాని కోసం తయారైన విడిభాగాలు మాత్రం నాబోటివాళ్ళకు నిధి. నిలువుగా ఉండాల్సిన నాలుగు సిలిండర్ల ఇంజనును సామాను పలక కింద ఇమిడేటట్టు యాభై డిగ్రీలు పక్కకు వాల్చి కూర్చోబెట్టే బెల్‌హౌసింగు (ఇంజనునూ గేర్‌బాక్సునూ కలిపే గుల్ల), ఆ వాలుకు తగిన ఆయిల్ పాన్ (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి), ఇంజను మౌంటింగులు, వాటిని మోసే అడ్డకమ్మీ అన్నీ ఆ బండివే. వీటిని సొంతంగా తయారుచేయించుకోవాల్సి వస్తే నేను ఈ పనికి దిగేవాణ్ణి కాదు.

విజయవాడ ఆటోనగర్‌లో చాలాకాలం పనిచేసిన మా బాబాయితో ఫోనులో ఈ సంగతి చెబితే, ఇంజను దించడం ఒక పూట పని, దాని చుట్టూ ఉన్నవాటిని కుదర్చడమే అసలు పని అన్నాడు. అంబాసిడర్లలో ఇంజనులు మార్చినవాడు కనుక ఆయన మాటను నమ్మి, ఇంజను కంటే ముందు చుట్టుపక్కల సామాను సమకూర్చుకున్నాను. డీజిల్ వానగన్ భాగాలు, గేర్‌బాక్సు, క్లచ్ పెడళ్ళు చేతికి వచ్చేదాకా పాత ఇంజను బోల్టు ఒక్కటి కూడా విప్పలేదు.

ఇంజను విషయంలో రెండు దారులు కనిపించాయి. ఫోక్స్‌వ్యాగన్ 1.9 లీటర్ల టీడీఐలలో (టర్బో ఉన్న డీజిల్ ఇంజనులలో) 1999 నుంచి గోల్ఫ్, జెట్టా కార్లలో వచ్చినది ఏఎల్‌హెచ్ రకం. అంతకు ముందటి పసాట్, జెట్టాలలో ఉన్నది ఏహెచ్‌యూ రకం. రెండూ 90 హార్స్‌పవరువే. కొత్తది మరింత నాజూకైనదే గానీ, పాతదాని బ్లాకులో (ఇంజను ప్రధాన దిమ్మెలో) ఇంటర్మీడియట్ షాఫ్టు అనే అదనపు ఇరుసు ఉంటుంది. ఆయిల్ పంపు, బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టరుకు కావాల్సిన వాక్యూమ్ పంపు (గాలిని లాగేసేది) దాని మీదే తిరుగుతాయి. డీజిల్ ఇంజనుకు పెట్రోలు ఇంజనులా ఇన్‌టేక్‌లో తగినంత వాక్యూమ్ పుట్టదు కాబట్టి ఆ పంపు లేకపోతే బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుపోతుంది. బ్లాకు నిర్మాణం 1.6 డీజిల్‌కు దగ్గరగా ఉన్నందువల్ల పాత ఆయిల్ పాన్, మౌంటింగులు పెద్ద మార్పులు లేకుండా పడతాయని తేలి, ఏహెచ్‌యూ వైపే మొగ్గాను. వెనుక నుంచి గుద్దుకుని నుజ్జయిన 1998 జెట్టాను మొత్తంగా కొన్నాను. ఇంజను ఒక్కటే కొంటే చవకే, కానీ ఇంజనును నియంత్రించే కంప్యూటరు, వైరింగు, యాక్సిలరేటర్ పెడలు, సెన్సార్లు ఒకే బండివి కావడం వల్ల తరువాత ఎంత తలనొప్పి తప్పిందో చెప్పలేను. జెట్టా గేర్‌బాక్సు మాత్రం ఇక్కడ పనికిరాదు. అది ముందు చక్రాలను నడిపేది. అందుకే మాన్యువల్ వానగన్‌ది వేరుగా వెతికి తెచ్చుకున్నాను.

టైమింగ్ బెల్టు, నీటి పంపు, సీళ్ళు అన్నీ ఇంజను స్టాండు మీద ఉండగానే మార్చాను. ఇంజనును వాల్చి పెట్టినప్పుడు టర్బో (పొగ వేగంతో తిరుగుతూ ఇంజనులోకి గాలిని ఎక్కించే పంకా) కూడా దానితో పాటే వాలుతుంది. టర్బో బేరింగు నుంచి ఆయిల్ కేవలం బరువు మీద కిందికి దిగి పాన్‌లోకి చేరాలి గనుక, ఆ గొట్టం నిటారుగా దిగేటట్టు టర్బో మధ్యభాగాన్ని తిప్పి బిగించాల్సి వచ్చింది. ఈ ఒక్క విషయాన్ని పట్టించుకోకపోతే ఆయిల్ వెనక్కి తన్ని, సీళ్ళ గుండా పొగగొట్టంలోకి పోతుంది.

నన్ను ఎక్కువగా శ్రమపెట్టినది క్లచ్. ఆటోమేటిక్ బండిలో ఉన్నది రెండు పెడళ్ళే కాబట్టి డ్యాష్‌బోర్డు కింది భాగమంతా ఊడదీసి, మూడు పెడళ్ళ చట్రాన్ని, క్లచ్ మాస్టర్ సిలిండరును (పెడలు నొక్కితే ద్రవాన్ని తోసేది) అమర్చాలి. దానికి ద్రవం బ్రేకు ద్రవం డబ్బా నుంచే వస్తుంది. అక్కడి నుంచి వెనుక గేర్‌బాక్సు మీది స్లేవ్ సిలిండరు (ఆ ద్రవం ఒత్తిడితో క్లచ్‌ను కదిలించేది) దాకా బండి పొడవునా గొట్టం వేయాలి. గేరు కడ్డీ కూడా డ్రైవరు పక్కన మొదలై నేల కింద అంత దూరం పోయి గేర్‌బాక్సును అందుకోవాలి, మధ్యలో కడ్డీని పట్టి ఉంచే బుష్‌లలో ఏ ఒక్కటి అరిగినా రెండో గేరు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. అందుకని బుష్‌లన్నీ కొత్తవే వేశాను.

వైరింగులో ఇంజనువైపు తీగలు జెట్టావి జెట్టాలాగే ఉంచి, వానగన్‌తో కలిసే చోట మాత్రమే కోశాను. ఆటోమేటిక్ బండి పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉంటే తప్ప స్టార్టర్ తిరగకుండా ఒక స్విచ్ అడ్డుపడుతుంది. దాన్ని తప్పించి, రివర్సు లైటుకు గేర్‌బాక్సు మీది స్విచ్ కలపాలి. టీడీఐ కంప్యూటరు బ్రేకు పెడలు స్విచ్చును, యాక్సిలరేటర్‌ను పోల్చిచూసి, రెండింటికీ పొత్తు కుదరకపోతే ఇంధనం తగ్గించేస్తుంది. వానగన్‌లో బ్రేకు లైటు స్విచ్‌లు మాస్టర్ సిలిండరు మీద ద్రవ పీడనంతో పనిచేసేవి కనుక జెట్టా స్విచ్చును పెడలు దగ్గరే విడిగా అమర్చాను. పెట్రోలు బండి ఆర్‌పీఎమ్ మీటరు ఇగ్నిషన్ కాయిల్ నుంచి లెక్క తీసుకుంటుంది. డీజిల్‌కు ఆ కాయిలే ఉండదు కాబట్టి ఆ లెక్క కంప్యూటరు నుంచి తీసుకోవాలి.

ట్యాంకు కడిగించి, పాత విద్యుత్ పెట్రోలు పంపును తీసేశాను, ఎందుకంటే ఇంజనులోకి డీజిల్ చిమ్మే బాష్ ఇంజెక్షన్ పంపు తనకు కావాల్సింది తానే లాక్కుంటుంది. నింపే మూతి దగ్గర అన్‌లెడెడ్ పెట్రోలు కోసం పెట్టిన ఇరుకైన అడ్డును కూడా తొలగించాలి, లేకపోతే బంకులో లావుపాటి డీజిల్ గన్ అందులో దూరదు. మూత మీద డీజిల్ అని పెద్ద అక్షరాలతో రాయించాను. కూలెంట్ నింపేటప్పుడు బండి ముందు భాగాన్ని ఎత్తిపెట్టి, రేడియేటరు మీది స్క్రూ వదులు చేసి గాలి పోనివ్వాలి. పైపులు అంత పొడవు కనుక ఈ పనిలో ఓపిక ఉండాలి. ఇంజెక్షన్ పంపులో గాలి లేకుండా చేతి వాక్యూమ్ పంపుతో డీజిల్ లాగిన తరువాతే స్టార్టర్ తిప్పాను. ఇంజను అందుకున్నాక ల్యాప్‌టాప్ కలిపి, పంపు డీజిల్ చిమ్మే సమయాన్ని (టైమింగు) సరిచేశాను.

మిషిగన్‌లో సొంత కార్లకు పొగ పరీక్ష లేదు. అయినా ఈజీఆర్‌ను (పొగలో కొంత తిరిగి ఇంజనులోకి పంపే ఏర్పాటు), కాటలిటిక్ కన్వర్టరును (పొగలోని విషవాయువులను తగ్గించేది) తీసేయలేదు. వాటిని ఊడబీకడం ఫెడరల్ చట్టానికి విరుద్ధం. కాలిఫోర్నియాలో ఉండేవారికి నిబంధనలు చాలా కఠినం కాబట్టి డబ్బు ఖర్చుపెట్టక ముందే కనుక్కోవాలి. మన దేశంలో ఇది చదివి ఉత్సాహపడే మిత్రులకు ఒక మాట: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. ఇక్కడ నేను బీమా సంస్థకు మార్పుల వివరాలన్నీ రాసిచ్చాకే బండిని రోడ్డెక్కించాను.

ఇప్పుడు గ్యాలనుకు సుమారు 28 మైళ్ళు ఇస్తున్నది. మునుపు 17 దాటడం గగనంగా ఉండేది. చప్పుడు పెరిగిన మాట నిజం, సామాను పలక కింద దళసరి అట్టలు వేశాక వెనుక సీటులో మాట్లాడుకోగలిగేంతకు తగ్గింది. గేర్ల నిష్పత్తి ఒక్కటే ఇంకా తేలలేదు. పెట్రోలు ఇంజను వేగానికి తగినట్టు చేసిన గేర్‌బాక్సు కావడంతో హైవే మీద నాలుగో గేరులో డీజిల్ అవసరానికి మించి తిరుగుతున్నది. ఈ చలికాలం అయ్యాక గేర్‌బాక్సు మళ్ళీ దించి, మూడు, నాలుగు గేర్లకు పొడవైన నిష్పత్తి ఉన్నవి వేయిస్తాను.