పుత్తూరు రాయగలిగితే చుక్కల ఫాంటు కుదిరినట్టే

చుక్కలతో తెలుగు ఫాంటు గీసేవాళ్ళు చాలామంది మొదట 'తిరుపతి' అని రాసి చూసి, బాగానే వచ్చిందనుకుంటారు. అది సరైన పరీక్ష కాదు. తి, రు, ప, తి... వీటిలో కిందికి దిగేది ఒక్కటీ లేదు. అలిపిరీ అంతే. 'పుత్తూరు' రాసి చూడండి. పు కొమ్ము అక్షరం కిందికి దిగుతుంది, ఆ పక్కనే త వత్తు, దానికి కుడిపక్కన కొమ్ముదీర్ఘం. ఈ మూడూ ఒకదానికొకటి తగలకుండా నిలబడ్డాయంటే చిత్తూరుకు మళ్ళీ కష్టపడక్కర్లేదు.

ఇంగ్లీషుకు 5 అడ్డం, 7 నిలువు చుక్కలు చాలు. తెలుగును అందులో ఇరికిస్తే ముందు పోయేది వత్తే. మనకు కనీసం 16 వరసలు కావాలి. అదృష్టంకొద్దీ అంగళ్ళ ముందు స్క్రోలింగ్ బోర్డుల్లో వాడే పి10 అనే ఎల్ఈడీ పలక (మాడ్యూలు) ఎత్తూ 16 చుక్కలే (వెడల్పు 32, చుక్కకూ చుక్కకూ మధ్య దూరం 10 మిల్లీమీటర్లు). ఆ 16నీ ముందే పంచుకోవాలి: పై 3 వరసలు తలకట్టుకూ గుడికీ, తర్వాతి 7 అక్షరం ఒంటికి, ఒక వరస ఖాళీ, చివరి 5 వత్తుకు. ఒంటిని 8 చేద్దామని ఎవరికైనా ఆశ పుడుతుంది. అప్పుడు ఖాళీ వరస పోయి, వత్తు అక్షరానికి అతుక్కుంటుంది.

ఒంటికి 7 ఎందుకో 'ర', 'ఠ' పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 7×7 గడిలో గుండ్రం ఇలా గీయాలి: మొదటి వరసలో 3, 4, 5 గళ్ళు, రెండో వరసలో 2, 6, తర్వాత మూడు వరసల్లో 1, 7, మళ్ళీ 2, 6, చివర 3, 4, 5. మొత్తం 16 చుక్కలు. ఠ నడిమి చుక్క సరిగ్గా నాలుగో వరస నాలుగో గడిలో పడుతుంది, చుట్టూ రెండేసి గళ్ళ చీకటి మిగులుతుంది. 5×5లో అయితే ఆ చీకటి ఒక్క గడే. రాత్రిపూట ఎల్ఈడీ వెలుగు పాకి గుండ్రం మొత్తం ముద్దయిపోతుంది. 6×6లో అసలు నడిమి గడే లేదు.

తలకట్టుకు నాలుగు చుక్కలు సరిపోతాయి: అడుగున ఒకటి, దాని పై వరసలో చెరో పక్కన ఒక్కొక్కటి, ఆపైన కుడికి ఒకటి. ధ, ఫ, భల కింది నిలువు గీతకు మాత్రం రెండు చుక్కలు ఇవ్వండి, ఒంటి చివరి వరసలో ఒకటి, ఖాళీ వరసలో ఒకటి. ఒక్కటే పెడితే దూరానికి ధ కాస్తా ద అయిపోతుంది. ఆ గీత ఉన్న అక్షరానికి వత్తు వస్తే, వత్తును ఒక గడి కుడికి జరపాలి. 'రాష్ట్రం' లాంటి మాటల్లో రెండు వత్తుల్నీ ఒకదాని కింద ఒకటి పేర్చకూడదు, 5 వరసల్లో పట్టవు. క్రావడిని ఎడమపక్కకు లాగి, అక్షరం వెడల్పు పెంచడమే దారి.

ఫాంట్‌ఫోర్జ్‌లో (ఫాంట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఎమ్ సైజు, అంటే అక్షరం మొత్తం ఎత్తు, 1024 పెడితే వరసకు 64 యూనిట్లు వస్తాయి. అక్షరం ఒళ్ళు నిలిచే గీత (బేస్‌లైన్) పైన 640, కింద 384. 52 యూనిట్ల వ్యాసంతో ఒక్క చుక్క గీసి, మిగతా అక్షరాలన్నిటిలో దాన్ని రిఫరెన్సుగానే (కాపీ చేయకుండా, ఆ మొదటి చుక్కకే లింకుగా) వాడండి. రేపు గుండ్రం బదులు చదరం కావాలంటే ఒక్కచోట మారిస్తే చాలు. వత్తుల యాంకర్లూ (వత్తు తగిలించే చోట్లు), అక్షరాల వెడల్పులూ, కెర్నింగూ (అక్షరాల మధ్య ఎడం సర్దడం) అన్నీ 64 గుణిజాలే కావాలి. ఎక్కడైనా 32 పడిందా, వత్తు చుక్కలు పై చుక్కల సందుల్లోకి వస్తాయి. ముగ్గులో సందు చుక్క అందమే గానీ ఇక్కడ కంటికి గుచ్చుకుంటుంది. ఆటో హింటింగ్ (సాఫ్ట్‌వేరే అంచుల్ని పిక్సెళ్ళకు సర్దడం) వాడొద్దు, చిన్న సైజుల్లో గుండ్రాలు వంకర పోతాయి.

బోర్డుకు పంపేటప్పుడు ఎక్కువగా చెడేది మాట కూర్పు. బోర్డును నడిపే చాలా కంట్రోలర్ల ఫోన్ యాప్‌లు అక్షరాల్ని కలపలేవు, 'శ్రీ' విడివిడిగా పడుతుంది. డీటీపీ వాళ్ళు వాడే అను ఫాంట్లలో కొట్టింది తెచ్చి అతికిస్తే అర్థంలేని గుర్తులొస్తాయి, దాని కోడ్ యూనికోడ్ కాదు కాబట్టి. కంప్యూటర్లోనే యూనికోడ్‌లో కొట్టి, 16 పిక్సెళ్ళ సైజులో (విండోస్ మామూలు అమరికలో 12 పాయింట్లు), అంచులు మెత్తబరిచే యాంటీ ఏలియాసింగ్ ఆపేసి, నలుపు తెలుపు బొమ్మగా సేవ్ చేసి ఎక్కించండి. ఆర్డుయినో (మనమే ప్రోగ్రామ్ రాసుకునే చిన్న సర్క్యూట్ బోర్డు) వాడినా ఇదే మంచిది. రెండు మాడ్యూళ్ళ వెడల్పు మాట, అంటే 64×16, 128 బైట్లే.

పోస్టర్ మీదా ఫ్లెక్సీ మీదా గుండ్రం చుక్కల ఫాంటు శీర్షికకు, తేదీకి, ధరకు బాగుంటుంది. పేరాలకు వద్దు. బండి రేడియం స్టిక్కర్‌కు అసలే వద్దు, ప్రతి చుక్కా విడి ముక్క కాబట్టి అతికించేటప్పుడు సగం లేచొచ్చేస్తాయి.

బోర్డు మీద అక్షరం తేడాగా కనబడితే ఫాంటును తప్పుపట్టే ముందు చుక్కలన్నీ ఒకేసారి వెలిగించి చూడండి. పి10లో వరసలు నాలుగు జట్లుగా వెలుగుతాయి: 1, 5, 9, 13 ఒక జట్టు, ఆ లెక్కనే మిగతావి. 3, 7, 11, 15 జట్టు ఆరిపోతే తలకట్టు అడుగు చుక్క పోతుంది, ఏడో వరసలో ఉన్న ఠ నడిమి చుక్కా పోతుంది. అప్పుడు మార్చాల్సింది రిబ్బన్ కేబులో, మాడ్యూలో.