హాస్టల్ మళ్లీ తెరిచిన ఆ యాభై రోజులు

2021 ఫిబ్రవరి 1న తెలంగాణలో, కరోనా వల్ల మూతపడిన కాలేజీలు, యూనివర్సిటీలు మళ్లీ తెరుచుకున్నాయి. అప్పటికి నేను ఒక యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెబుతూ, అమ్మాయిల హాస్టల్‌కి వార్డెన్‌గా కూడా ఉన్నాను. తెరవమన్న ఆర్డర్ జనవరిలోనే తెలిసింది. గేటు తాళం తీయడం ఒక్క నిమిషం పని, ఆ లోపల మనుషులు ఉండేలా చేయడానికి మాత్రం మూడు వారాలు పట్టింది.

2020 మార్చిలో పిల్లలు రెండు వారాల్లో వచ్చేస్తామనుకుని వెళ్లారు. సామానంతా గదుల్లోనే ఉండిపోయింది. పది నెలల తర్వాత నేనూ, కేర్‌టేకర్ అక్కా తలుపులు తీస్తుంటే పచ్చడి సీసాల నిండా బూజు. ఒక గదిలో సర్ఫులో నానబెట్టిన చుడీదార్, నీళ్లన్నీ ఇంకిపోయి అట్టకట్టి బకెట్‌కే అతుక్కుపోయింది. వాళ్ల వస్తువులు వాళ్లకు చెప్పకుండా ముట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే ఒక్కో గది సర్దేముందు ఆ గది అమ్మాయిలకు వీడియో కాల్ చేశాం. "మేడమ్, పరుపు కింద మా అమ్మ ఫొటో ఉంది, చూసి తీయండి" అని ఒకమ్మాయి అంటుంటే గొంతు పట్టేసింది.

నీళ్ల ట్యాంకులు ఖాళీ చేయించి, కడిగించి, బ్లీచింగ్ వేసి మళ్లీ నింపాం. కుళాయిలు విప్పితే ముందు తుప్పు నీళ్లే వచ్చాయి. తేటగా వచ్చేదాకా వదిలేశాం.

యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2020 నవంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒకేసారి సగం మందికి మించి విద్యార్థులు ఉండకూడదు, హాస్టల్ గదిని ఇద్దరు పంచుకోకూడదు. మావి ముగ్గురుండే గదులు. అంటే ప్రతి గదిలో ఇద్దరికి "నువ్వు ఇంకొన్నాళ్లు ఆగమ్మా" అని చెప్పాలి. ఫైనల్ ఇయర్ వాళ్లకు, ల్యాబ్ పని ఉన్న రీసెర్చ్ స్కాలర్లకు ముందు చోటిచ్చాం. ఆ జాబితా రాసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌నీ తమ్ముడితో వంతులేసుకుని క్లాసులు వినేవాళ్లు, సిగ్నల్ కోసం చెరువుకట్ట మీదికి వెళ్లి కూర్చునేవాళ్లు నా క్లాసులోనే ఉన్నారు. అలాంటి నలుగురిని, ఫైనల్ ఇయర్ కాకపోయినా, పట్టుబట్టి చేర్పించాను. ఇప్పటికీ ఆ పని సరైందనే అనుకుంటాను.

ఆ రోజుల్లో అందరి దృష్టీ క్రిములను చంపే ద్రావణం చల్లడం మీద, చేతులకు శానిటైజర్ మీద ఉండేది. నా భయం మెస్ గురించి. మాస్క్ తీసేది అక్కడే, గట్టిగా మాట్లాడుకునేదీ అక్కడే. ఈ వైరస్ గాలి ద్వారా కూడా సోకుతుందని గుర్తించమంటూ 239 మంది శాస్త్రవేత్తల మద్దతుతో 2020 జులైలో ఒక లేఖ వచ్చింది. అది చదివినప్పటి నుంచి మూసిన గది చూస్తేనే నాకు టెన్షన్. గాలి ఎక్కడ ఆడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చూద్దామని ఒక మధ్యాహ్నం మెస్‌లో ఊదుబత్తులు వెలిగించి మూలమూలకీ తిరిగాను. కిటికీల దగ్గర పొగ చటుక్కున బయటికి పోయింది. వంటింటి గోడ పక్కన మాత్రం కదలకుండా నా తల మీదే గుండ్రంగా తిరుగుతూ నిలిచింది. ఏళ్లుగా పెయింట్‌తో బిగుసుకుపోయిన కిటికీలు రెండు అక్కడే ఉన్నాయి. కార్పెంటర్‌ని పిలిపించి ఉలితో విప్పించాం. ఆ గోడ పక్క బల్లలు తీసేశాం. ఎండ తగ్గాక రాత్రి భోజనం వరండాలోకి మార్చాం. నలుగురు నలుగురు ఒక జట్టు, రోజూ అదే బల్ల, అదే టైమ్. రిజిస్టర్‌లో జట్ల పేర్లు రాసి ఉంచాను.

ఆ రిజిస్టర్ మూడో వారంలో అక్కరకొచ్చింది. ఒకమ్మాయి రెండు పూటలు భోజనానికి రాలేదని కేర్‌టేకర్ అక్క చెబితే పైకి వెళ్లాను. తలుపు కొంచెమే తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండు రోజులుగా జ్వరమట. పొద్దున గేటు దగ్గర థర్మల్ గన్‌కి దొరక్కుండా ముందే గోలి వేసుకుంటోంది. "ఇంటికి పంపేస్తారని చెప్పలేదు మేడమ్. ఇంట్ల నానమ్మకు షుగర్ ఉంది. ఉన్నది ఒక్కటే రూము" అని ఏడ్చింది.

ర్యాపిడ్ టెస్ట్‌లో నెగెటివ్ వచ్చింది. లక్షణాలున్నప్పుడు ర్యాపిడ్ నెగెటివ్‌ని నమ్మకూడదు, ల్యాబ్‌లో చేసే ఆర్టీపీసీఆర్ టెస్ట్ చేయించాలి. చేయిస్తే పాజిటివ్. తన జట్టులో మరొకరికి కూడా వచ్చింది. మిగతా ఇద్దరినీ విడిగా ఉంచి కనిపెట్టుకున్నాం. వాళ్లకేమీ కాలేదు, జట్టు దాటి ఇంకెవరికీ రాలేదు.

నన్ను కలచివేసింది వైరస్ కన్నా ఆ పిల్ల భయం. తప్పు నాదే. జ్వరం వస్తే ఏం చేస్తామో పిల్లలకు మేం చెప్పలేదు, ఏం చేయకూడదో మాత్రమే నోటీసులు అంటించాం. ఆ సాయంత్రం అందరినీ గ్రౌండ్‌లో దూరం దూరంగా నిలబెట్టి మాటిచ్చాను: జ్వరమని చెప్పినవాళ్లను ఇంటికి పంపం, అటెండెన్స్ పోదు, వేడి అన్నం గది ముందుకే వస్తుంది. గెస్ట్ రూములు నాలుగు దీనికోసమే ఖాళీ చేయించాం. తలుపు బయట స్టూలు, దాని మీద టిఫిన్ క్యారియర్, పక్కనే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆక్సీమీటర్. పూటపూటకీ వాళ్లు రీడింగ్ చూసి ఫోన్‌లో పంపేవాళ్లు. మర్నాడు పొద్దున ఆరింటికే ముగ్గురు నా తలుపు కొట్టారు. ఒకరికి గొంతు నొప్పి, ఇద్దరికి జలుబు. ముగ్గురికీ టెస్ట్‌లో నెగెటివే వచ్చింది. కానీ వాళ్లు వచ్చి చెప్పారు కదా, నాకు ఆ రోజు పండగే.

ఇంతలో కరోనా రెండో అల మొదలైంది. మార్చి 23న అప్పటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి గారు అసెంబ్లీలో ప్రకటించారు, మర్నాటి నుంచి మెడికల్ కాలేజీలు తప్ప విద్యాసంస్థలన్నీ బంద్. రాత్రంతా హాస్టల్లో సూట్‌కేసుల చప్పుడే. జ్వరం దాచిన అమ్మాయి అప్పటికి పూర్తిగా కోలుకుంది. వెళ్లేముందు వచ్చి, నానమ్మను ఎలా కాపాడుకోవాలని అడిగింది. కిటికీ పక్కన నానమ్మ మంచం వేయమని, తను వారం పాటు వాకిట్లోనే తినమని చెప్పాను. సరేనని తలూపి బస్సెక్కింది.

అందరూ వెళ్లాక అక్కా నేనూ గదులు చూసుకుంటూ తాళాలు వేశాం. ఏ గదిలోనూ పచ్చడి సీసా లేదు. బకెట్లన్నీ కడిగి గోడ వారగా బోర్లించి వెళ్లారు.