అసలు బండి అంటే ఏది?

పాత జీపుల గురించి మాట్లాడేటప్పుడు ‘ఒరిజినల్’ అనే మాటను మనం చాలా తేలిగ్గా వాడేస్తాం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఒకే నమూనా జీపును విల్లీస్ సంస్థ ఎంబీ పేరుతోనూ, ఫోర్డ్ సంస్థ జీపీడబ్ల్యూ పేరుతోనూ తయారు చేశాయి. 1945 నాటికి రెండూ కలిసి 6 లక్షలకు పైగా బండ్లను అందించాయి. ఒకదాని భాగం మరొకదానికి సరిగ్గా సరిపోవాలన్నది అమెరికా సైన్యం పెట్టిన షరతు. అయినా ఫోర్డ్ తన భాగాలపై, చివరకు చాలా బోల్టుల తలలపై కూడా, వంపు తిరిగిన ‘ఎఫ్’ అక్షరాన్ని ముద్రించింది. రేడియేటర్ కింద చూస్తే, ఛాసిస్ (బండి అడుగు చట్రం) ముందరి అడ్డుకమ్మీ విల్లీస్‌లో గుండ్రని గొట్టంలా ఉంటుంది, ఫోర్డ్‌లో పలకలుగా ఉంటుంది.

యుద్ధ సమయంలోనే సైనిక వర్క్‌షాపులు చేతికందిన భాగాలతో ఈ బండ్లను పునర్నిర్మించాయి కాబట్టి, ఫోర్డ్ ఛాసిస్‌పై విల్లీస్ ఇంజను కనిపిస్తే దాన్ని కల్తీ అనడం నా దృష్టిలో అన్యాయం. అది ఆ బండి నిజంగా గడిపిన జీవితం. (1989లో వచ్చిన ల్యాండ్ రోవర్ డిస్కవరీకి వెనుక దీపాలు ఆస్టిన్ మాయెస్ట్రో వ్యాను నుంచి వచ్చాయి, వాటిని ఎవరూ నకిలీ అనరు.)

నేను ఒప్పుకోలేనిది వేరొకటి: కొత్తగా పోతపోసిన భాగంపై ‘ఎఫ్’ ముద్ర కొట్టి పాతదిగా అమ్మడం. కొత్త భాగం వాడటంలో తప్పు లేదు, కానీ ఆ సంగతి బండి కాగితాలతో పాటు రాసి ఉంచి, కొనేవారికి చూపాలి.