తమ్ముడి కాఫీ గ్రైండర్‌కి మోటార్ పోలేదు

"అక్కా, గ్రైండర్ మోటార్ పోయింది. కొత్తది ఆర్డర్ పెట్టేస్తున్నా" అని తమ్ముడి ఫోన్. వాడి లెక్కలో ఇంట్లో ఏది ఆగిపోయినా మోటారే పోతుంది. ఫ్యాన్‌కీ అంతే, మిక్సీకీ అంతే. "ఆగరా, ఫోన్ దాని పక్కన పెట్టి ఒక్క క్షణం స్విచ్ వేసి ఆపెయ్" అన్నాను. గుయ్‌మని మూలిగింది. అంటే కరెంటు మోటార్ దాకా వెళ్తోంది, మోటారూ తిరగాలనే చూస్తోంది, ఏదో పట్టేసింది. "ఇంక స్విచ్ జోలికి పోకు. ప్లగ్ తీసేసి ఉన్నదున్నట్టు పట్టుకురా" అన్నాను.

ఊరికే అనలేదు ఆ మాట. ఇరుక్కుని తిరగలేకపోతున్న మోటార్ మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. అదంతా లోపలి వైండింగ్‌లో వేడిగా మారుతుంది. చాలా గ్రైండర్లలో వేడి మీరగానే కరెంటు తెంచేసే థర్మల్ కటాఫ్ ఉంటుంది కాబట్టి బతికిపోతాయి. అది తెగినప్పుడు గ్రైండర్ ఉలుకూ పలుకూ లేకుండా పడుంటుంది, మనం పోయిందనుకుంటాం. కాసేపు చల్లారనిస్తే చాలావాటిలో దానంతటదే మళ్ళీ కలుస్తుంది. ఆ ఓపిక లేక పారేసిన గ్రైండర్లు ఎన్నున్నాయో!

నేను విప్పేముందు చప్పుడు వింటాను. మూలుగుతూ తిరగకపోతే ఏదో అడ్డం పడింది. పొడి గడ్డకట్టి ఉండొచ్చు, గింజల్లో కలిసి వచ్చిన చిన్న రాయైనా కావచ్చు. చేత్తో తిప్పితే హాయిగా తిరుగుతూ, స్విచ్ వేస్తే మాత్రం మూలుగుతోందంటే, మోటార్ తిరగడం మొదలుపెట్టడానికి ఊతమిచ్చే కెపాసిటర్ ఉన్నవాటిలో దాన్ని అనుమానించాలి. మోటార్ హుషారుగా తిరుగుతూ పొడి రాకపోతే, గింజలు కిందికి దిగడం లేదు, లేదా పొడి బయటికి పోవడం లేదు. కటకటమని చప్పుడు చేస్తూ లోపల ఏదీ తిరగకపోతే ప్లాస్టిక్ గేర్ పళ్ళు అరిగి ఉంటాయి. అసలు ఏ చప్పుడూ లేకపోతే, గింజలు పోసే డబ్బా, అదే హాపర్, దాని కింద దాక్కున్న చిన్న సేఫ్టీ స్విచ్ సంగతి చూడాలి. హాపర్ సరిగ్గా కూర్చుంటేనే నొక్కుకునే స్విచ్ అది. దాని సందులో చిటికెడు కాఫీ పొడి చేరినా చాలు, నిక్షేపంలాంటి గ్రైండర్ మొండికేస్తుంది. బ్రష్‌తో నాలుగుసార్లు ఊడిస్తే మళ్ళీ మామూలే.

తమ్ముడిది కోనికల్ బర్ గ్రైండర్. మధ్యలో శంకువు ఆకారంలో, గింజల్ని నలిపే పళ్ళతో ఉన్న ఉక్కు బర్ మోటార్‌తో పాటు తిరుగుతుంది. దాని చుట్టూ పళ్ళున్న రింగ్ బర్ కదలకుండా కూర్చుంటుంది. రెండింటి మధ్య సందును బట్టి పొడి సన్నగానో బరకగానో వస్తుంది. నలిగిన పొడి బర్‌ల కిందున్న చిన్న గదిలో పడి, అక్కణ్ణుంచి పక్క గొట్టంలోంచి బయటికి రావాలి. బ్లేడు గ్రైండర్లలో ఈ గొడవే లేదు, గిన్నె అడుగు తుడుచుకుంటే సరిపోతుంది. కానీ వాటిలో పొడి ఒకచోట పిండి, ఒకచోట పలుకులుగా వస్తుందని నాకు అవంటే పడదు.

హాపర్‌లో గింజలు అలాగే ఉన్నాయి. చేతికి తీసుకోగానే సగం సంగతి అర్థమైంది. నల్లగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి, వేళ్ళకి అంటుకుంటున్నాయి. వీడికి మాడు వాసన కొట్టే రోస్ట్ అంటేనే ప్రాణం. దానికి తోడు ఎస్ప్రెస్సో కోసమని సెట్టింగ్ బాగా సన్నం వైపు పెట్టాడు.

రింగ్ బర్ బయటికి రావాలంటే పైనున్న కాలర్, అంటే సన్నం బరక సరిచేసే చుట్టు, తిప్పాలి. కదల్లేదు. చాలామంది ఇక్కడే పట్టకారు తెచ్చి ప్లాస్టిక్ చెవులు విరగ్గొడతారు. కాలర్ మరల్లోకి సన్న పిండి చేరి బిగుసుకుపోయిందంతే. బరక వైపు కొద్దిగా, మళ్ళీ వెనక్కి కొద్దిగా ఆడిస్తూ, మధ్యమధ్యలో గ్రైండర్‌ని బోర్లించి అరచేత్తో తడుతూ పోయాను. తట్టినప్పుడల్లా కాస్త పొడి రాలింది. చివరికి బలం పెట్టకుండానే వదిలింది.

గొట్టంలోకి బయటి వైపు నుంచి చెక్క పుల్ల పెట్టి పొడిస్తే గోడను పొడిచినట్టే ఉంది. లోపలి గది వైపు నుంచి నెమ్మదిగా తోశాను. ఒక్కసారిగా ఊడి కింద పరిచిన కాగితం మీద పడింది, వేలి కణుపంత ముద్ద. గొట్టం నాలుగు పలకల ఆకారం దాని మీద అచ్చు దిగిపోయింది. ఇలాంటివి చూడకుండా పారేయబుద్ధి కాదు నాకు. లైటు కింద పెట్టి చాకుతో నిలువునా కోశాను. గోడకు ఆనుకున్న పొర దాదాపు నల్లగా మెరుస్తోంది. గోరుతో గీకితే పొడిగా రాలకుండా చుట్టలు చుట్టుకుంటూ లేచింది. దాని లోపల ముదురు గోధుమ రంగు పొర, నట్టనడుమ నిన్నామొన్నటి లేత రంగు పొడి. నడుమది వేళ్ళతో నలిపితే ఇట్టే విడిపోయింది. వాసన మాత్రం అంచుదే, పాత నూనె డబ్బా మూత తీసినప్పటి ముక్కిపోయిన వాసన. "ఇన్నాళ్ళూ దీన్నా నేను తాగింది?" అన్నాడు తమ్ముడు. కప్పుకి కాస్త చొప్పున, అవును.

ఆ పొరల్లోనే జరిగిందంతా ఉంది. అరబికా గింజ బరువులో సుమారు 15 శాతం నూనె పదార్థమే, రోబస్టాలో 10 శాతం చుట్టుపక్కల. రోస్ట్ లేతగా ఉన్నంతవరకు ఆ నూనె గింజ లోపలే ఉంటుంది. ఇంకా ఇంకా వేయించే కొద్దీ కణాల గోడలు పెళుసెక్కి పగులుతాయి, లోపల పుట్టిన వాయువుల ఒత్తిడికి నూనె పైకి వచ్చేస్తుంది. నల్ల గింజల మీది మెరుపు అదే. గొట్టం గోడకి అంటిన నూనెకి గాలి తగిలి జిగురెక్కుతుంది, రోజులు గడిస్తే గట్టిపడుతుంది. జిగురు మీద పిండి, పిండి మీద మళ్ళీ నూనె. దారి ఇరుకైన కొద్దీ పొడి ఆగుతుంది. అయినా వెనక నుంచి బర్ కొత్త పొడిని కూరుతూనే ఉంటుంది. గొట్టం నిండి, గది నిండి, ఆఖరికి బర్ పళ్ళ మధ్య కూడా పొడి బిగిసిపోతే మోటార్ నిలబడిపోతుంది. అంటే మనకి ఒక్క పొద్దున హఠాత్తుగా ఆగినట్టు కనిపించింది కానీ, గొట్టం చాలా రోజుల నుంచే మూసుకుంటూ వచ్చింది. మునుపటి కంటే పొడి నెమ్మదిగా వస్తోందా అని అడిగితే, వస్తోందని ఒప్పుకున్నాడు.

శుభ్రం చేయడం పెద్ద విద్యేమీ కాదు, నీళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త. ఉక్కు బర్‌లను సింకులో వేసి కడిగితే తుప్పు పట్టడానికి ఎక్కువ సేపు పట్టదు. ముందు గట్టి బ్రష్‌తో పొడిగానే ఊడ్చాలి. పళ్ళ మధ్య గాడిలో మిగిలింది చెక్క పుల్లతో గీకాలి, ఇనుప సూది వద్దు. నూనె పొర కోసం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాను. గుడ్డ మీద మొదట వచ్చిన మరక చూస్తే టీ డికాక్షన్ ఒలికిందనుకుంటారు. హాపర్‌కి మాత్రం ఆల్కహాల్ తగలనివ్వలేదు, కొన్ని పారదర్శక ప్లాస్టిక్‌లు దానికి సన్నగా పగుళ్ళిస్తాయి. సబ్బు, గోరువెచ్చని నీళ్ళు చాలు దానికి. గదిలో మిగిలిన పొడిని వాక్యూమ్ క్లీనర్‌తో లాగాలి. గాలి కొట్టొద్దు. కొడితే ఆ పొడి వెళ్ళేది మోటార్‌లోకే.

"గుప్పెడు బియ్యం వేసి తిప్పితే శుభ్రమైపోతుందట కదా?" అన్నాడు. ఈ చిట్కా అంటే నాకు ఒళ్ళు మంట. వేయించిన కాఫీ గింజ పెళుసుగా ఉంటుంది, అందుకే చిన్న మోటార్ కూడా దాన్ని సులువుగా నలగ్గొడుతుంది. ఉడకని బియ్యం అలా కాదు, గట్టిది. మోటార్ మీదా గేర్ల మీదా భారం పెంచి, పైగా తన పిండి తను వదిలిపోతుంది. చాలా గ్రైండర్ల మాన్యువల్స్‌లోనే వద్దని రాసి ఉంటుంది. గ్రైండర్ల కోసమే ధాన్యంతో చేసిన బిళ్ళలు దొరుకుతాయి, నడుస్తున్న గ్రైండర్‌లో నూనె పీల్చడానికి అవి పనికొస్తాయి. గొట్టంలో ఇలా గట్టిపడిన ముద్దను మాత్రం అవీ ఏమీ చేయలేవు.

అంతా తుడిచాక మధ్యలో తిరిగే కింది బర్‌ని చేత్తో తిప్పి చూశాను. తిరుగుతోంది, కానీ చుట్టులో ఒకచోట ఏదో వెలితి. నట్టు విప్పి బర్ తీశాను. ఈ నట్టు కొన్నిటిలో మామూలు మర, కొన్నిటిలో ఉల్టా మర. మాన్యువల్ చూడకుండా బలం ప్రయోగిస్తే విప్పుతున్నామనుకుని బిగిస్తాం. బర్ కింద మూడు రెక్కలున్న ప్లాస్టిక్ చక్రం ఉంది. గదిలో పడిన పొడిని గొట్టం వైపు ఊడ్చే చీపురు అది. ఒక రెక్క మొదలంటా విరిగింది. ఆ ముక్క ఇందాకటి ముద్దకి గది వైపు కొసన ఇరుక్కుని దొరికింది.

రెక్క విరిగినందువల్ల పొడి ఆగిందా, పొడి ఆగినందువల్ల రెక్క విరిగిందా? విరిగిన అంచు చూస్తే తెలిసిపోయింది. అక్కడ ఒక్క కాఫీ మరక లేదు, అప్పుడే విరిచినట్టు శుభ్రంగా ఉంది. ఎప్పుడో విరిగి ఉంటే అదీ చక్రంలో మిగతా భాగంలాగే మరక పట్టి ఉండేది. ముద్ద గట్టిపడ్డాక దాన్ని తోయలేక విరిగింది పాపం. ఒక రకంగా మేలే, ఆ దెబ్బ గేర్ పళ్ళకి తగల్లేదు. తమ్ముడు జిగురు ట్యూబు తీశాడు, వద్దన్నాను. మనం తాగే పొడి రాసుకుంటూ పోయే చోట, అంత వేగంగా తిరిగే దాని మీద జిగురేమిటి? గ్రైండర్ అడుగున ఉన్న మోడల్ నంబర్ పెట్టి వెతికితే ఆ చక్రం విడిగా దొరికింది. కొత్త గ్రైండర్ అనుకున్నవాడికి అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ముక్కతో సరిపోయింది. దాని కింద మోటార్ వైపు పొడి దిగకుండా ఉన్ని గుడ్డలాంటి ఫెల్ట్ రింగ్ ఒకటి ఉంటుంది. అది నూనెతో అట్టకట్టింది కాబట్టి, పనిలో పనిగా దాన్నీ మార్చేశాం.

బిగించేటప్పుడు నేను చాదస్తంగా చూసేది రింగ్ బర్ కూర్చునే అంచు. అక్కడ ఒక్క పలుకు మిగిలినా బర్ ఒక పక్కకి లేస్తుంది, ఆ పక్క పొడి బరకగా, ఎదురు పక్క పిండిగా వస్తుంది. వేలితో చుట్టూ తడిమి, గరుకు తగలకపోతేనే పెట్టాను. తర్వాత ప్లగ్ పెట్టకుండా కింది బర్‌ని చేత్తో తిప్పుతూ కాలర్‌ని సన్నం వైపు కొంచెం కొంచెం జరిపాను. ఒకచోట రెండు ఉక్కు పళ్ళూ రాసుకుని కిచ్‌మన్నాయి. పళ్ళు తాకే ఆ చోటే సున్నా, అక్కడ మార్కర్‌తో గుర్తు పెట్టి, అక్కణ్ణుంచి బాగా వెనక్కి వచ్చి అప్పుడు స్విచ్ వేశాం. మూలుగు లేదు, గరగరా లేదు. మిగిలిపోయిన పాత గింజలు కొన్ని వేసి ఆ పొడి పారబోశాం. వాడు మునుపు వాడిన సెట్టింగ్ నంబర్ దగ్గర పొడి ఇప్పుడు మరీ సన్నగా వస్తోంది. ఇన్నాళ్ళూ పేరుకున్న పొడి మీద కాస్త ఎత్తుగా కూర్చున్న బర్ ఇప్పుడు తన చోట్లోకి దిగింది మరి.

ఇక నల్ల గింజలు మానేయాలా అని బెంగపడ్డాడు. మానక్కర్లేదు కానీ నాలుగు పనులు చెప్పాను. హాపర్ నిండా గింజలు పోసి వదిలేయొద్దు. గ్రైండర్‌ని కెటిల్ ఆవిరి తగిలే చోట పెట్టొద్దు. సన్నం వైపు తిప్పేటప్పుడు మోటార్ నడుస్తూ ఉండాలి. ఆగి ఉన్నప్పుడు తిప్పితే పళ్ళ మధ్య ఉన్న పలుకులు అక్కడే నలిగి బిగుసుకుంటాయి. నాలుగోది వాడు నమ్మలేదు: ఏ పూటకాపూట తూచి వేసుకునేవాళ్ళు ముందుగా గింజలకి ఒక చుక్క నీళ్ళు తగిలించాలి. చెంచా కాడ తడిపి గింజల్లో కలియబెడితే చాలు. "నీళ్ళు తగలకూడదని ఇందాకేగా చెప్పావు!" అన్నాడు. బర్‌లు కడగడం వేరు, చెంచా కాడ తడి వేరు. ఆ తడి స్టాటిక్ కోసం. రాపిడికి పొడిలో విద్యుత్తు పుట్టి గొట్టానికీ, మూతకీ, ఒకదానికొకటీ అంటుకుంటుంది. 2023లో అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రవేత్తలు, అగ్నిపర్వతాల బూడిదలో పుట్టే విద్యుత్తు మీద పనిచేసేవాళ్ళతో కలిసి దీన్ని కొలిచారు. గింజలో తేమ తక్కువైతే, రోస్ట్ ముదిరితే ఛార్జ్ ఎక్కువ. పొడి చేసేముందు కాస్త నీళ్ళు తగిలిస్తే ఛార్జూ, గడ్డలూ రెండూ తగ్గాయి. నిండా ఉన్న హాపర్‌లో మాత్రం నీళ్ళు చిలకరించకూడదు.

ఇవన్నీ చేసినా మళ్ళీ త్వరగానే మూసుకుపోతే అప్పుడు బర్‌లను అనుమానించాలి. మొద్దుబారిన పళ్ళు గింజని కోయలేక నలిపేస్తాయి, పిండి ఎక్కువవుతుంది, ఆ పిండే మళ్ళీ గొట్టానికి పడుతుంది. పంటి అంచు మీద వేలి కొసని అడ్డంగా జరిపి చూస్తే గుండ్రంగా జారుతుందో, పట్టుకుంటుందో తెలుస్తుంది. తమ్ముడి గ్రైండర్‌లో ఇంకా బాగానే పట్టుకుంటోంది.