బావ కాగితాలు

మా బావ పోయి ఏడాది కావస్తోంది. మేనమామ కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. మా అక్కను చేసుకున్నది తర్వాతి సంగతి, అంతకు ముందే మేమిద్దరం ఒక కంచంలో తిన్నవాళ్లం. మాది కడప జిల్లా, దువ్వూరు పక్కన పల్లె. కేసీ కాలువలో నడుముకు బెండు కట్టి నాకు ఈత నేర్పింది ఆయనే. బెండు ఎప్పుడు విప్పేశాడో నాకు తెలీదు. అవతలి గట్టు పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తే అది ఆయన చేతిలో ఉంది.

ఊళ్లో ఎవరికి ఏ కాగితం కావాలన్నా బావ దగ్గరికే వచ్చేవాళ్లు. పసుపు బస్తాలు వేసుకుని కడప మార్కెట్ యార్డుకు పోయినా సంచిలో ఎవరిదో ఒకరి పింఛను అర్జీ ఉండేది. అలాంటి మనిషి కాగితాలు చివరికి నా చేతికొచ్చాయి. ఈ పని ఎవరి ఇంట్లోనైనా పడొచ్చు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గుండెపోటు. ప్రొద్దుటూరులో చూసి కర్నూలుకు తీసుకుపొమ్మన్నారు. రెండో రోజు తెల్లవారుజామున పోయాడు. చేర్చుకునేటప్పుడు పేరేమిటని అడిగితే, ఆ టెన్షన్‌లో ఊరంతా పిలిచే పేరే చెప్పాను. ఆధార్‌లో ఉన్న పేరు వేరు. చిన్నప్పటి నుంచి నా చెవిన పడింది ఆ ఒక్క పేరే, ఇంకోటి నోటికెలా వస్తుంది?

దివసాలు అయ్యాక మరణ ధ్రువీకరణ పత్రం కోసం మా సచివాలయానికి పోయాను. మనిషి ఎక్కడ పోతే అక్కడే నమోదు చేయాలి, ఇక్కడ కుదరదన్నారు. అంటే మళ్లీ కర్నూలు. 21 రోజుల్లోపు నమోదుకు రుసుము లేదు. దాటితే ఆలస్య రుసుము కట్టాలి, నెల కూడా దాటితే పై అధికారి అనుమతి కావాలి. మాకు అప్పటికి పదమూడు రోజులయింది. ఆసుపత్రిలో పోయినవాళ్ల సమాచారం నగరపాలక సంస్థకు పంపాల్సింది ఆసుపత్రివాళ్లే. అదృష్టం, మాది ఇంకా పంపలేదు. రిజిస్టర్లో ఊళ్లో పిలిచే పేరే ఉండటం చూసి, ‘ఇలాగే పోయుంటే దిద్దించుకోవడానికి చాలా తిరగాల్సొచ్చేది, ఆధార్ జిరాక్సు ఉందా?’ అన్నాడు అక్కడి గుమస్తా.

బావ ఫైలు సంచి నా దగ్గరే ఉంది. జిరాక్సు తీసి ఇస్తూ వెనక్కి తిప్పాను. నీలం ఇంకుతో ఆయన చేతిరాత: ‘మూడు తీసినాను. ఒకటి బ్యాంకులో ఇచ్చినాను.’ కింద తేదీ. ఇంకో కాగితం తిప్పాను, దాని వెనకా ఉంది. ప్రతి కాగితం వెనకా ఉంది, ఎవరికి ఇచ్చాడు, ఎప్పుడు ఇచ్చాడు. ఆ కౌంటరు ముందు నిలబడి ఏడ్చాను. నా వెనక వరుసలో ఉన్నవాళ్లు ఏమీ అనలేదు. వాళ్లూ అలాంటి పని మీదే వచ్చినవాళ్లు.

తర్వాత కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం. ఇది మాత్రం మన సచివాలయంలోనే అర్జీ పెట్టుకోవచ్చు, తహసీల్దారు ఇస్తారు. వీఆర్వో వచ్చి వేపచెట్టు కింద కూర్చుని చుట్టుపక్కల వాళ్లను విచారించాడు. భార్య ఎవరు, పిల్లలెంతమంది అని ఆయన అడిగితే మావాళ్లు బావ తమకు ఏమేం చేసిపెట్టాడో చెప్పడం మొదలుపెట్టారు. అవన్నీ రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు. అయినా ఆ వీఆర్వో కలం పక్కన పెట్టి చివరిదాకా విన్నాడు. ఆయనకు రుణపడి ఉంటాను. పొలం అక్క పేరుకు మార్చడానికి ఈ రెండు పత్రాలూ, పట్టాదారు పాసుబుక్కూ చాలినాయి.

బ్యాంకులో నామినీ అక్కే, కాబట్టి ఇబ్బంది రాలేదు. ఒక్క సంగతి మాత్రం అందరికీ చెప్పాలి. పాసుబుక్కు పేజీలన్నీ తిప్పి చూడండి. మే నెలాఖరులో 436 రూపాయలు కోసినట్టుంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, 2 లక్షలు వస్తాయి. ఈ సంగతి అక్కకు తెలీదు, నాకూ తెలీదు. బావ ఆ వరుస కింద పెన్సిలుతో గీత గీసి పెట్టాడు. నేను ఇటు తిప్పి చూస్తానని ఎలా అనుకున్నాడో!

డబ్బు పడిన రోజు అన్నీ సర్ది ఫైలు అక్క చేతికిచ్చాను. ఆమె ఒక్కొక్క కాగితమే తీసి, వెనక్కి తిప్పి చూసి, పక్కన పెడుతోంది. మరణ పత్రం దగ్గర ఆగింది.

‘దీని వెనక రాయలేదే అబ్బీ,’ అంది.

జేబులోంచి పెన్ను తీశాను. ‘ఆరు తీసినాను,’ అని రాసి, కింద తేదీ వేశాను.