దేనితో తూచారు?

నేనిప్పుడు పనిచేస్తున్న చోట జరిగిన డిజైన్ రివ్యూలో ఒక సీనియర్ ఇంజనీరు అందరి ముందూ, గొంతు ఏమాత్రం పెంచకుండా, "ప్రాసెసర్ చిప్పు లోపలే ఉన్న ఎఫ్‌పీజీఏను (లోపలి సర్క్యూట్లను, అంటే లాజిక్‌ను, తయారయ్యాక కూడా మార్చుకోగల భాగాన్ని) ఎంచుకున్నారు, సరే, దేనితో తూచి ఎంచుకున్నారో ఈ పత్రంలో ఎక్కడా లేదు" అన్నారు. ఆ మాట నన్ను ఇంకా వదలలేదు. తూచలేదని కాదు, తూచినదంతా నా బుర్రలో ఉందని, అది అక్కడ ఉంటే చాలదని ఇక్కడివారు అనుకుంటారని.

మా పరికరం కెమెరా చిత్రాలను ఎఫ్‌పీజీఏలో శుద్ధిచేసి ప్రాసెసర్‌కు అప్పగించాలి. రెండూ వేర్వేరు చిప్పులైతే నడుమ పీసీఐ ఎక్స్‌ప్రెస్ వంటి దారి వేయాలి. దానికి పిన్నులు, బోర్డు మీద స్థలం, ఇరువైపులా మెమరీ, పైగా ఆ దారిని నడిపే ఒక డ్రైవరు సాఫ్ట్‌వేరు కావాలి. ఎఫ్‌పీజీఏల కంపెనీ జైలింక్స్ 2011లో ప్రకటించిన జింక్-7000 చిప్పుల్లో రెండూ కలిసే ఉంటాయి; వాటిలో తొలుత వచ్చినవాటిలో ఆర్మ్ రూపొందించిన కోర్టెక్స్-ఏ9 ప్రాసెసర్ కోర్లు రెండు, వాటి మెమరీలోకి లాజిక్ నేరుగా రాయడానికి 64 బిట్ల పోర్టులు నాలుగు ఉన్నాయి. అయితే లోపల ఉన్నంత మాత్రాన అంతా సులువని నేను అనను. ఆ నాలుగు పోర్టులూ క్యాష్‌ను, అంటే ప్రాసెసర్ ప్రతులు దాచుకునే చిన్న వేగమైన మెమరీని, పట్టించుకోవు. సాఫ్ట్‌వేరు తన క్యాష్‌లోని పాత ప్రతిని తీసివేయకపోతే పాత చిత్రాన్నే చదువుతుంది. క్యాష్‌తో పొందిక ఉండే ఏసీపీ పోర్టు ఒక్కటే. ప్రధాన మెమరీ అయిన డీడీఆర్ ఇద్దరికీ ఉమ్మడిది కనుక చిత్రాలు వెల్లువెత్తినప్పుడు ప్రాసెసర్ తన వంతు కోసం ఆగవలసి వస్తుంది.

ఆ సీనియర్ ఇంజనీరు ప్రశ్న వెనుక, అంటే విడి చిప్పుల పక్షాన, చరిత్ర కూడా ఉంది. జైలింక్స్ ఎఫ్‌పీజీఏలలో 2002 నాటి వర్టెక్స్-2 ప్రోలో పవర్‌పీసీ 405 ప్రాసెసర్, తరువాత వర్టెక్స్-5 ఎఫ్ఎక్స్‌టీలో పవర్‌పీసీ 440 ఉండేవి; ఆపై ఆ కంపెనీ ఆర్మ్ వైపు తిరిగింది. విడి ప్రాసెసర్ అయితే లాజిక్‌ను కదపకుండా దానినొక్కదాన్నే మార్చుకోవచ్చు.

కానీ ఇక్కడ విడి చిప్పులను ఇష్టపడటానికి అసలు కారణం అది కాదని నా అనుమానం. ఇక్కడ హార్డ్‌వేరు, సాఫ్ట్‌వేరు విభాగాలు వేరు, మేనేజర్లు వేరు. హార్డ్‌వేరును సాఫ్ట్‌వేరు అదుపుచేసే గడి అయిన రిజిస్టరు చిరునామా ఒక్కటి మారినా పత్రం కదలాలి. చిప్పులు విడిగా ఉంటే ఎవరి గడప వారిది. ఒకే చిప్పు అయితే లాజిక్‌లో మార్పు హార్డ్‌వేరు వివరాలను సాఫ్ట్‌వేరుకు చెప్పే డివైస్ ట్రీ దాకా, ఒక్కోసారి పరికరాన్ని తొలుత లేపే బూట్‌లోడరు దాకా వెళ్తుంది. ఇరుపక్షాలూ రోజూ మాట్లాడుకోక తప్పదు. మన దగ్గర నేను పనిచేసిన చోట బోర్డు గీసినవాళ్ళమే డ్రైవరూ రాసేవాళ్ళం, కాబట్టి ఈ తూకమంతా ఒకరి కుర్చీ పక్కన మరొకరు నిలబడి వాదించుకోవడంలోనే తేలిపోయేది. దాన్ని ఇక్కడివారు తొందరపాటు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ వాదనలలో ఎన్ని మంచి కారణాలు కాగితం ఎక్కకుండానే పోయాయో తలచుకుంటే మాత్రం కోపం కొంత తగ్గుతుంది.

పత్రం మళ్ళీ రాశాను, చిప్పు మార్చలేదు. జింక్‌లో ముందు ప్రాసెసర్ లేవాలి, దాని బూట్‌లోడరే సాధారణంగా లాజిక్‌ను నింపుతుంది. పవర్ ఇచ్చిన క్షణం నుంచి అవుట్‌పుట్‌లను అదుపులో ఉంచవలసిన పనికి ఆ ఆలస్యం పనికిరాదు. అందుకని ఆ ఒక్క పనినీ బయట ఒక చిన్న సీపీఎల్‌డీకి, అంటే ప్రాసెసర్ లేచేదాకా ఆగనక్కరలేని చిన్న లాజిక్ చిప్పుకు, ఇచ్చాను. అక్కడ ఆయన ప్రశ్నకు నాకు వేరే జవాబు దొరకలేదు.