ఏడు లీటర్ల ఖాళీ లారీ

శనివారం. బయట మైనస్ పన్నెండు. పొద్దున్నే డ్రైవ్‌వే మీద మంచు తీసి లోపలికొచ్చేసరికి నడుం పట్టేసింది. ఇవాళ చెయ్యాల్సిన పనుల్లో పూర్తయింది అదొక్కటే. టాక్స్ కాగితాలు సర్దుతానని వారం నుంచీ చెబుతున్నాను, అవి డైనింగ్ టేబుల్ మీద అలాగే ఉన్నాయి. వాటి పక్కనుంచే నడుచుకుంటూ బేస్‌మెంట్‌లోకి దిగి, 1969 డాడ్జ్ చార్జర్ వేసుకుని మెక్సికో వెళ్లిపోయాను. పెద్ద ఇంజన్ పెట్టిన పాతకాలం అమెరికా బండి, మజిల్ కారు అంటారు. కార్ల రేసు వీడియో గేమ్ ఫోర్జా హొరైజన్ 5 లో అంతా మెక్సికోయే కదా.

అసలు ఇవాళ ఆ బండి మీదికి మనసు పోవడానికి కారణం పక్కింటి పెద్దాయన. మంచు తీసే మిషన్ మాకు లేదు, ఆయనదే అడిగి తెచ్చుకుంటాను. తిరిగివ్వడానికి వెళితే గరాజ్ తలుపు తీశాడు. లోపల బూడిదరంగు కవరు కింద ఆయన షెవర్లే షెవెల్ కారు, 1970 మోడల్. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అది బయటికి రాదు. ఈ మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు తగిలితే పాత బండి రేకు తుప్పుపట్టి అప్పడంలా విరిగిపోతుంది.

ఆయన కార్ల ఫ్యాక్టరీలో లైన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. మాట తక్కువ. కవరు మూల ఎత్తి, ఎస్ఎస్ 396 అన్న బ్యాడ్జి చూపించి నవ్వాడు. అది అబద్ధమట. ఆ ఏడాదికి ఆ ఇంజన్ 402 క్యూబిక్ అంగుళాలకు పెరిగింది కానీ, 396 అన్న అంకె అప్పటికే జనం నోట్లో నానిపోయిందని బ్యాడ్జి మార్చలేదు. ఎక్కువ చెప్పి తక్కువ అమ్మేవాళ్లని చాలామందిని చూశాను. తక్కువ రాసి ఎక్కువ అమ్మినవాళ్ల గురించి వినడం ఇదే మొదలు.

"చలికాలంలో కూడా దీన్నే నడిపేవారా అప్పట్లో?" అని అడిగాను. "డిక్కీలో రెండు ఇసుక బస్తాలు వేసుకుని" అన్నాడు. ఆ మాట నాకు సాయంత్రం దాకా బుర్రలో తిరుగుతూనే ఉంది.

మా ఇంట్లో కన్సోల్ ఒకటే. ఈ గేమ్‌లో స్క్రీన్ రెండు ముక్కలు చేసుకుని ఇద్దరూ ఒకేసారి ఆడే వీలు లేదు. అందుకని అమ్మాయీ నేనూ వంతులు. దానికి పదకొండేళ్లు. అది ఎప్పుడూ సుబారు తీసుకుంటుంది, నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే బండి. వాన పడనీ, మట్టి రానీ, పట్టాల మీద రైల్లా పోతుంది. మొదటో రెండో వస్తుంది. తర్వాత కంట్రోలర్ నా చేతిలో పెట్టి, సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంటుంది, నా తమాషా చూడడానికి.

నా వంతు. పన్నెండు బండ్లు వరసగా నిలబడ్డాయి. లైట్లు పడగానే కంట్రోలర్ ట్రిగ్గర్ చివరిదాకా నొక్కాను. చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ తీసేసి పెట్టాను, అది ఉంటే ఈ బండి నడపడంలో మజా ఏముంది? ఇంజన్ ఉరిమింది. ముల్లు ఎర్రగీత దాటింది. వెనక చక్రాల చుట్టూ తెల్లటి పొగ. బండి మాత్రం ఉన్నచోటే ఉండి తోకని ఎడమకీ కుడికీ ఆడిస్తోంది. నా రెండు పక్కలనుంచీ పదకొండు బండ్లూ వెళ్లిపోయాయి. కాసేపటికి టైర్లకు రోడ్డు దొరికింది, అప్పుడు మాత్రం ఎవరో వెనకనుంచి తన్నినట్టు ముందుకు దూకింది. తిన్నటి రోడ్డు మీద ఐదుగుర్ని దాటేశాను. అప్పుడొచ్చింది ఎడమ మలుపు.

బ్రేకు నొక్కాను. ఆగదు. బండి బరువు పదిహేడు వందల కిలోల పైమాటే, ఆ రోజుల్లో డిస్క్ బ్రేకులు కావాలంటే వేరే డబ్బు కట్టాలి, అదీ ముందు చక్రాలకే. మామూలుగా వచ్చేవి నాలుగూ డ్రమ్ములే. స్టిక్ ఎడమకి తిప్పాను. ముక్కు వినలేదు, నేరుగా పోతోంది. కంగారులో మళ్లీ ట్రిగ్గర్ నొక్కాను. ఈసారి తోక విన్నది, నేను అడిగినదానికి మూడింతలు. బండి గిర్రున తిరిగి, గ్వానహ్వాతో ఊళ్లో పసుప్పచ్చ రంగేసిన ఒక ఇంటి గోడకి వీపు ఆనించి నిలబడింది.

"నాన్నా, రివైండ్ నాలుగు" అంది అమ్మాయి. వెనక్కి తిప్పుకునే బటన్ ఎన్నిసార్లు వాడానో లెక్కపెట్టడం దాని డ్యూటీ.

తొమ్మిదో స్థానం.

ఈ మజిల్ కార్లు మలుపుల కోసం కట్టిన బండ్లు కావు, అది నాకూ తెలుసు. వీటి కథ 1964 మోడల్ పాంటియాక్ జీటీవోతో మొదలైందని ఎక్కువమంది ఒప్పుకునే మాట. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలు మించిన ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్‌లో అప్పుడు ఒక నియమం ఉండేది. పాంటియాక్ చీఫ్ ఇంజనీర్ జాన్ డెలోరియన్, ఆయన మనుషులు కలిసి 389 ఇంజన్ని టెంపెస్ట్ లెమాన్స్ కారుకి 'ఆప్షన్'గా చేర్చారు. కొత్త మోడల్ అంటే పైవాళ్లు సంతకం పెట్టాలి, ఆప్షన్‌కి అక్కర్లేదు. ఆఫీసులో పనిచేసేవాడు ఎవడైనా ఈ ఎత్తుని మెచ్చుకోకుండా ఉండలేడు. ఇంతా చేసి సూత్రం చాలా తేలిక. ఇంటికి సరిపోయే కారు, లారీకి సరిపోయే ఇంజన్.

లారీ అన్నది ఊరికే అనలేదు. చార్జర్‌లో ఆర్/టి అనే రకానికి మామూలుగా వచ్చే ఇంజన్ 440 మాగ్నమ్, 375 హార్స్ పవర్. ఇంకా డబ్బు పెడితే 426 హెమి, 425 హార్స్ పవర్. 426 క్యూబిక్ అంగుళాలంటే ఏడు లీటర్లు. నా కరోలా 1.8. హార్స్ పవర్ అంకెల్ని మాత్రం పూర్తిగా నమ్మకూడదు. అప్పట్లో ఇంజన్ని స్టాండుకి ఎక్కించి, ఎయిర్ ఫిల్టర్, ఆల్టర్నేటర్, సైలెన్సర్ లాంటి బరువులేవీ లేకుండా కొలిచేవాళ్లు. 1972 నుంచి అన్నీ తగిలించి కొలవడం మొదలుపెట్టారు. అదే ఇంజన్ రాత్రికి రాత్రి కాగితం మీద చిక్కిపోయింది. ఈలోపు పొగ నిబంధనలు వచ్చాయి, ఇన్సూరెన్స్ పెరిగింది, 1973లో పెట్రోలు కొరత వచ్చిపడింది. అంతటితో ఆ సంబరం సర్దుకుంది.

సాయంత్రం పెరుగూ కరివేపాకూ తెమ్మంటే బయల్దేరాను. డెట్రాయిట్ దగ్గరి ట్రాయ్‌లో ఉన్నాం కాబట్టి దారిలో వుడ్‌వర్డ్ ఎవెన్యూ తగులుతుంది. డెట్రాయిట్ నది ఒడ్డున మొదలై పాంటియాక్ ఊరి దాకా 27 మైళ్లు. అరవైల్లో కుర్రాళ్లు సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి పందేలు వేసుకున్నది ఈ రోడ్డు మీదే. ఇప్పుడు ఏటా ఆగస్టులో ఒక శనివారం పాత బండ్లన్నీ ఊరేగింపుగా వస్తాయి, 1995 నుంచీ నడుస్తోంది. పెద్దాయన షెవెల్ కూడా ఆ రోజు గుడిలో ఉత్సవ విగ్రహంలా తయారై వెళుతుంది. ఇవాళ మాత్రం ఉప్పు కొట్టుకుని తెల్లబడిన ఎస్‌యూవీలే. సిగ్నల్ దగ్గర ఆగాను. ఆకుపచ్చ పడగానే స్టీరింగ్ మీదున్న నా కుడి చూపుడువేలు దానంతటది ముడుచుకుంది. కరోలా మర్యాదగా కదిలింది. నాకే సిగ్గేసింది.

రాత్రి ఎనిమిదిన్నరకి నాన్న వీడియో కాల్. అక్కడ ఆదివారం పొద్దున్న ఏడు. విజయవాడలో అరుగు మీద కాఫీ గ్లాసుతో కూర్చున్నాడు. నాన్న ఇరవై ఎనిమిదేళ్లు లారీ నడిపాడు, కలకత్తా లైను. ఆటోనగర్‌లో ఆయనకి తెలియని షెడ్డు లేదు. నేను ఫోన్ ఎత్తేలోపే అమ్మాయి ఎత్తేసింది.

"తాతయ్యా, నాన్న మళ్లీ గోడకి గుద్దేశాడు."

"ఏ గోడకే? దెబ్బలేమైనా తగిలాయా?" ఆయన గొంతు మారిపోయింది.

గేమని చెప్పేసరికి రెండు నిమిషాలు పట్టింది. సరే చూపించమన్నాడు. ఫోన్ని నీళ్ల బాటిల్‌కి ఆనించి, టీవీ వైపు తిప్పి పెట్టాను. మెనూలో చార్జర్ మెల్లగా తిరుగుతోంది. గ్రిల్ వెనక దాక్కున్న హెడ్‌లైట్లు చూసి, కళ్లు మూసుకుందేంట్రా బండి అన్నాడు. ఇంజన్ ఎంత అని అడిగాడు. ఏడు లీటర్లు అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ఆయన నడిపిన లారీ ఇంజను ఆరు లీటర్ల లోపే.

"ఎంతమంది కూర్చుంటారు?"

"ఐదుగురు నాన్నా."

"ఐదుగురికా!"

రేసు మొదలైంది. అదే పొగ, అదే తోక ఊపుడు. "ఎక్సలేటర్ అలా తొక్కుతావేంట్రా, తేలుని తొక్కినట్టు" అన్నాడు.

"కాలు కాదు నాన్నా, వేలు."

"ఏదైతేనేం. వెనక కమాన్ కట్టలేనా దానికి?"

ఆపి ఆలోచించాను. అవును, కమాన్ కట్టలే, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప పట్టీల స్ప్రింగులు. చార్జర్‌కి వెనక ఇరుసు హౌసింగ్ మొత్తం ఒకటే గడ్డ, ఇటొక కట్ట, అటొక కట్ట. ఇన్నాళ్లు ఈ బండి ఆడుతున్నాను, నాన్న లారీ కింద పడుకుని యూ-బోల్టులు బిగిస్తుంటే పానాలు అందించినవాణ్ని, రెండింటి అడుగూ ఒకటేనని నాకెప్పుడూ తట్టలేదు.

"మరింకేం, ఖాళీ లారీ అది" అన్నాడు నాన్న. "లోడు లేకపోతే వెనక ఎగురుతుంది, చక్రం రోడ్డుని పట్టదు. వానలో ఖాళీ బండి తోలినట్టు తోలు. మూల రాకముందే స్లో చేసుకో. తిరిగేటప్పుడు ఎక్సలేటర్ జోలికి పోకు. బండి తిన్నగా అయ్యాక, అప్పుడు మెల్లగా ఇవ్వు."

పెద్దాయన ఇసుక బస్తాలు గుర్తొచ్చాయి. గేమ్‌లో డిక్కీలో బస్తాలు వేసే వీలు లేదు. ఉన్నది ట్యూనింగ్ మెనూ. వెనక టైర్లలో గాలి కొంచెం తగ్గించాను, వెనక స్ప్రింగులు కాస్త మెత్తగా పెట్టాను. గేరు రెండోదానికి వేగంగా మార్చేసి, ట్రిగ్గర్‌ని సగానికి మించి నొక్కకుండా మొదలుపెట్టాను. పొగ లేదు. మొదటిసారి మిగతావాళ్లతో పాటే కదిలాను. ఎడమ మలుపు ముందు బాగా ముందుగానే బ్రేకు. ముక్కు గొణుక్కుంటూనే తిరిగింది. వేలు తీసి ఉంచాను, ఉంచాను, బండి తిన్నగా అయింది. "ఇప్పుడియ్యి" అన్నాడు నాన్న, నేను అనుకుంటున్న క్షణానికే. పసుప్పచ్చ గోడ పక్కనుంచి జానెడు దూరంలో వెళ్లిపోయింది.

నాలుగో స్థానం. రివైండ్‌లు సున్నా. అమ్మాయి ఒప్పుకోలేక ఒప్పుకుంది.

నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "అంతా బాగానే ఉంది గానీ, మైలేజీ ఎంతిస్తుందిరా?"

"నాలుగు. మహా అయితే ఐదు."

"మా బండీ అంతే ఇచ్చేది" అన్నాడు. "కాకపోతే వెనకాల పది టన్నుల బియ్యం ఉండేవి."